ఫ్రోజెన్ ఫ్రైడ్ రైస్: రాత్రి భోజనానికి సరిపోతుందా?

కొన్న ఫ్రోజెన్ ఫ్రైడ్ రైస్‌తో ఒక పూట గడుస్తుందా అంటే గడుస్తుంది. తృప్తిగా తిన్నట్టు ఉంటుందా అంటే అది వండే పద్ధతిని బట్టి ఉంటుంది. మైక్రోవేవ్‌లో పెట్టి, మధ్యలో ఒకసారి కలిపి, గిన్నెలో పోసుకుని తింటే గంట తిరక్కుండా మళ్ళీ ఆకలేస్తుంది. అదే ప్యాకెట్టుని పెనం మీద గట్టిగా వేయించి, రెండు గుడ్లు కొట్టి, పక్కన ఉల్లిపాయ, నిమ్మచెక్క పెట్టుకుంటే భోజనం చేసినట్టే ఉంటుంది. దానికి పట్టే టైము మహా అయితే ఇంకో పది నిమిషాలు. ఈ రివ్యూలో ఎక్కువ భాగం ఆ పది నిమిషాల గురించే.

నేనుండేది అమెరికాలో, టెక్సస్‌లో, డాలస్ పక్కన ఇర్వింగ్‌లో. ఆసుపత్రి ల్యాబులో మైక్రోబయాలజీ సెక్షన్లో సాయంత్రం షిఫ్టు. ఇంటికొచ్చేసరికి రాత్రి పదకొండున్నర దాటుతుంది. ఆ టైముకి కూరగాయలు తరిగి, కుక్కరు పెట్టే ఓపిక ఉండదు. దారిలో తెరిచి ఉండేవి బర్గర్ షాపులే. అందుకే మా ఫ్రీజర్లో ఫ్రైడ్ రైస్ ఎప్పుడూ ఉంటుంది. మా సొంతూరు బాపట్ల. నాన్న రైసు మిల్లులో గుమాస్తాగా చేశారు. గుప్పెడు బియ్యం అరచేతిలో పోసుకుని నూక ఎంతుంది, పాతవా కొత్తవా అని చూసే ఇంట్లో పెరిగాను. సాంబ మసూరి అని మనందరం తినే బీపీటీ 5204 రకం 1986లో మా ఊరి పరిశోధనా కేంద్రం నుంచే వచ్చింది. కాబట్టి అన్నం మెత్తబడినా, ముద్దకట్టినా నేను సర్దుకుపోలేను.

అంత పట్టింపు ఉన్నదాన్ని కూడా ఫ్రోజెన్ అన్నం ఒప్పించింది. దానికి కారణం ఉంది. అన్నం చల్లారేకొద్దీ అందులోని పిండి పదార్థం మళ్ళీ గట్టిపడుతుంది. ఫ్రిజ్జులో, అంటే సున్నా నుంచి నాలుగు డిగ్రీల చలిలో, ఇది చాలా వేగంగా జరుగుతుంది. రాత్రి ఫ్రిజ్జులో పెట్టిన అన్నం పొద్దున్నకి బిరుసెక్కేది అందుకే. మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్లో మాత్రం ఆ గట్టిపడటం దాదాపు ఆగిపోతుంది. ఫ్యాక్టరీలో వండి వేయించిన అన్నాన్ని అతి చల్లటి గాలి వేగంగా కొట్టే సొరంగంలోంచి పంపిస్తారు. గింజ గింజ విడివిడిగా, నిమిషాల్లో గడ్డకడుతుంది. నెమ్మదిగా గడ్డకడితే లోపల పెద్ద పెద్ద మంచు పలుకులు ఏర్పడి గింజని, కూరముక్కని చీల్చేస్తాయి. త్వరగా గడ్డకడితే ఆ బాధ తక్కువ. అందుకే మంచి ప్యాకెట్టుని షాపులో చేత్తో ఊపితే గులకరాళ్ళ సంచీలా గలగలమంటుంది. గలగలమనకుండా ఒకటే గడ్డగా ఉందంటే అది ఎక్కడో కరిగి మళ్ళీ గడ్డకట్టిందన్నమాట. అలాంటిది ఎంత తగ్గింపులో ఇచ్చినా తీసుకోవద్దు. ఎండాకాలంలో ఇక్కడ కారు లోపల ఎలా ఉంటుందో మీకు తెలుసు. ఫ్రీజర్ సామాన్లు చివర్లో తీసుకుని, చల్లదనం ఆపే సంచిలో వేసి, నేరుగా ఇంటికి రండి.

కూరముక్కల దగ్గరికి వస్తే బఠాణీ, మొక్కజొన్న, ఎడమామె అనే పచ్చి సోయా గింజలు గడ్డకట్టడాన్ని బాగా తట్టుకుంటాయి. చిన్నగా తరిగిన క్యారెట్ ఫర్వాలేదు. క్యాప్సికం, క్యాబేజీ, పుట్టగొడుగులు మాత్రం నీరు కారి మెత్తబడతాయి. ప్యాకెట్టు వెనక పదార్థాల జాబితాలో ఏది ముందుందో చూసి కొంటాను. బరువులో ఎక్కువున్నది ముందు రాయాలన్నది ఇక్కడి నియమం. అన్నం, బఠాణీ, క్యారెట్, గుడ్డు అన్న వరసలో ఉంటే బుట్టలో వేసుకుంటాను. గుడ్డు, చికెన్ రెండూ ఆ జాబితాలో ఎక్కడో చివర్న ఉప్పు దగ్గర కనిపిస్తే, బొమ్మలో ఎన్ని ముక్కలున్నా ప్యాకెట్టులో ఉండవు.

ఇక వండటం. మైక్రోవేవ్‌తో ఉన్న చిక్కేమిటంటే, దాని తరంగాలు నీళ్ళని వేడి చేసినంత బాగా మంచుని వేడి చేయలేవు. అంచుల్లో ముందు కరిగిన చోట నీరు పుడుతుంది, వేడంతా అక్కడికే పోతుంది. అంచు పొగలు కక్కుతుంటే మధ్యలో ఇంకా మంచు ఉంటుంది. కరిగిన నీరు గిన్నె దాటి పోవడానికి దారి లేక మళ్ళీ అన్నంలోకే ఇంకుతుంది. చివరికి మనకి దొరికేది వేయించిన అన్నం కాదు, ఆవిరి పట్టిన అన్నం. ఆఫీసులో వేరే దారి లేనప్పుడు నేను చేసేది ఇది: వెడల్పు గిన్నెలో పల్చగా పరిచి, మూత కొంచెం సందుగా పెట్టి, సగం టైము కాగానే అడుగునుంచి కలిపి, అయ్యాక రెండు నిమిషాలు కదపకుండా ఉంచుతాను. తినగలిగేలా ఉంటుంది. అంతకంటే ఎక్కువ చెప్పలేను.

పెనం సంగతి వేరు. ఇనప పెనం లేదా వెడల్పాటి మూకుడు పెద్ద మంట మీద బాగా కాగాలి. నీటిచుక్క వేస్తే బొట్టు బొట్టుగా పరుగెత్తేంత వేడి. నాన్‌స్టిక్ పెనాన్ని అంత వేడి చేయకూడదు కాబట్టి ఇనపదే కొనుక్కోండి. రెండు చెంచాల నూనె, చిదిమిన వెల్లుల్లి, రెండు పచ్చిమిరపకాయ చీలికలు. వెల్లుల్లి రంగు మారేలోపే అన్నం ఫ్రీజర్లోంచి తీసినదాన్ని తీసినట్టే వేసేయాలి. ముందుగా కరగబెట్టొద్దు, కరగబెడితే ముద్దవుతుంది. ఒక మనిషికి సరిపడా మాత్రమే వేయండి. మొత్తం ప్యాకెట్టు కుమ్మరిస్తే పెనం చల్లారిపోయి అన్నం ఉడకడం మొదలుపెడుతుంది. వేసిన వెంటనే సుయ్యిమని శబ్దం, బోలెడంత ఆవిరి వస్తాయి. అప్పుడు గరిటె పెట్టకూడదు. పల్చగా పరిచి వదిలేయాలి. ఒకటి రెండు నిమిషాలకి ఆవిరి పల్చబడుతుంది, సుయ్యిమన్న శబ్దం చిటపటలోకి మారుతుంది. నీరు పోయి నూనె పని మొదలుపెట్టిందని అర్థం. అప్పుడు అడుగునుంచి తిరగేస్తే కింది గింజలు కొన్ని లేత గోధుమ రంగులో, అంచులు కరకరలాడుతూ కనిపిస్తాయి. అవే ఈ వంటకి ప్రాణం. మళ్ళీ పరచండి, మళ్ళీ కాసేపు వదలండి.

తర్వాత అన్నాన్ని ఒక పక్కకి జరిపి, ఖాళీ చోట ఇంకొంచెం నూనె వేసి రెండు గుడ్లు కొట్టాలి. గుడ్డు సగం గట్టిపడగానే అన్నంతో కలిపేయాలి. పూర్తిగా వేగేదాకా ఆగితే విడిగా గుడ్డు పొరటు తిన్నట్టుంటుంది. పైన మిరియాల పొడి. ఉప్పు, సోయా సాస్ వేయొద్దు, కంపెనీ వాళ్ళు ఆ పని ఎప్పుడో చేసేశారు. అపార్ట్‌మెంట్లో ఉండేవాళ్ళు పెనం పెట్టకముందే ఫ్యాను వేసి కిటికీ తెరవండి. అర్ధరాత్రి స్మోక్ అలారం మోగితే పక్కింటి పసిపిల్లలు లేస్తారు.

గుడ్లు ఎందుకంటే, ఆకలి తీరడానికీ తీరకపోవడానికీ తేడా అక్కడే ఉంది. మామూలు వెజ్ ఫ్రైడ్ రైస్‌లో కప్పుకి నాలుగైదు గ్రాములకి మించి ప్రోటీన్ ఉండదు. ఒక పెద్ద గుడ్డులో ఆరు గ్రాములు ఉంటుంది. రెండు గుడ్లు వేస్తే అదనంగా పన్నెండు. గుడ్డు తినని వాళ్ళు పనీరో, సోయా పనీరు అనే టోఫూనో ముందే ఎర్రగా వేయించి పక్కన పెట్టుకోవచ్చు. నాన్నకి గుప్పెడు వేయించిన పల్లీలు కలిపి పెడతాను, అదీ బాగుంటుంది. లేబుల్ చదివేటప్పుడు సర్వింగ్ సైజు మీద కూడా కన్నేసి ఉంచండి. ఒక కప్పు సర్వింగ్ అని రాసి పెద్ద ప్యాకెట్టులో మూడు నాలుగు సర్వింగులు చూపిస్తారు. పని చేసి వచ్చిన మనిషి ఒక కప్పుతో లేవదు. రెండు కప్పులు తింటుంది. అప్పుడు సోడియం కూడా రెండింతలు. ఇక్కడ రోజంతటికీ పెట్టిన హద్దు 2,300 మిల్లీగ్రాములు. చాలా ప్యాకెట్లలో ఈ రెండు కప్పులకే అందులో సగం దగ్గరికి వెళ్ళిపోతాం. బీపీ ఉన్నవాళ్ళకి దీన్ని రోజువారీ భోజనంగా నేను చెప్పను. నాన్న వచ్చినప్పుడు సగం ప్యాకెట్టు అన్నంలో సగం మామూలు అన్నం కలిపి వేయిస్తాను. ఉప్పు సగానికి దిగుతుంది, ఆయనకి రుచి తెలుస్తూనే ఉంటుంది.

ఏది కొనాలంటే నా మొదటి ఎంపిక అజినోమోటో వాళ్ళ యాకిటోరి చికెన్ ఫ్రైడ్ రైస్. కాస్ట్‌కో అనే షాపులో పెద్ద పెట్టెగా దొరుకుతుంది. లోపల 9 ఔన్సుల చిన్న సంచులు ఆరు ఉంటాయి, సంచికి 255 గ్రాములు. ఒక సంచి ఒక మనిషికి. కొలుచుకోవడం, మిగిలింది కట్టి పెట్టడం అనే పని లేదు. చికెన్‌కి కాల్చిన వాసన, కొద్దిగా తీపి ఉంటాయి. అన్నం జపాన్ వాళ్ళ అలవాటు ప్రకారం కాస్త పొట్టి గింజ, కాస్త అంటుకునే రకం. మన పొడిపొడి అన్నం ఆశించేవాళ్ళు మొదటి ముద్దకి మొహం చిట్లిస్తారు. పెనం మీద వేయిస్తే ఆ జిగురే అంచుల్లో కరకరగా మారుతుంది. మైక్రోవేవ్‌లో కూడా కాస్త నిలబడేది నాకు తెలిసి ఇదొక్కటే, ముక్కకి పట్టిన సాస్ వల్ల అన్నం ఎండిపోదు. పచ్చిమిర్చి మాత్రం తప్పనిసరి.

అజినోమోటో అంటే మనకి బండి మీద తెల్ల పొడి డబ్బా గుర్తొస్తుంది. 1908లో టోక్యోలో కికునే ఇకెదా అనే రసాయన శాస్త్రవేత్త సముద్రపు నాచు చారులోని రుచిని వేరు చేశారు, మరుసటి ఏడే అది ఆ పేరుతో మార్కెట్లోకి వచ్చింది. ఆ కంపెనీయే ఇప్పుడు ఈ అన్నమూ అమ్ముతోంది. జపాన్‌లో ఫ్రోజెన్ ఫ్రైడ్ రైస్‌ని, అక్కడి మాటలో చాహన్‌ని, చాలా శ్రద్ధగా చేస్తారు. నిచిరే కంపెనీ 2001లో, అజినోమోటో 2015లో తెచ్చిన రకాలు అక్కడి ఫ్రీజర్లలో పోటీ పడుతుంటాయి. ఆ పోటీలో తేరిన నైపుణ్యం ఈ సంచుల్లో కనిపిస్తుందని నా నమ్మకం.

శాకాహారులకి ట్రేడర్ జోస్ అనే షాపులో జపనీస్ స్టైల్ ఫ్రైడ్ రైస్ బాగుంటుంది. ఎడమామె, టోఫు, హిజికి అనే నల్లటి సముద్రపు నాచు వేస్తారు. సోయా గింజలు పంటికింద గట్టిగా తగులుతాయి, మిగతా వెజ్ రకాలకంటే ప్రోటీన్ మెరుగు. అయితే హిజికిలో ఆర్సెనిక్ అనే విషపదార్థం ఎక్కువని బ్రిటన్, కెనడా ఆహార సంస్థలు ఆ నాచుని తినొద్దనే చెప్తాయి. ప్యాకెట్టులో ఉండేది చిటికెడే. అయినా నేను అప్పుడప్పుడే కొంటాను, కడుపుతో ఉన్నవాళ్ళకీ చిన్నపిల్లలకీ పెట్టను.

మరో రెండు కొన్నాను, వాటి పేర్లు చెప్పను. ఒకటి పెద్ద సూపర్ మార్కెట్ సొంత బ్రాండు వెజ్ రైస్. చవక. అన్నం విడివిడిగా బాగానే ఉంది, రుచి మాత్రం సోయా సాస్ నీళ్ళలో ముంచి తీసినట్టు చప్పగా, గోధుమరంగుగా. దానికి వెల్లుల్లి, మిరియాలు, గుడ్డు అన్నీ నేనే వేయాల్సొస్తే ఇంట్లో అన్నం వేయించుకోవడమే నయం. రెండోది ఇండియన్ స్టోర్లో కొన్న షెజ్వాన్ రైస్. కారం బాగా ఉందని సంబరపడ్డాను గానీ బాస్మతి గింజలు సగం విరిగిపోయి ఉన్నాయి, క్యాప్సికం తొక్కలుగా తేలింది. పొడుగు గింజ సన్నగా ఉంటుంది కాబట్టి రవాణాలో కరిగి గడ్డకట్టిన దెబ్బ దానికే ముందు తగులుతుంది. అది వండటంలో తప్పు కాదు, షాపుకి చేరేలోపు జరిగిన తప్పు.

కిందటేడు అమ్మ వచ్చినప్పుడు ఈ రైస్ నా పద్ధతిలో వేయించి పెట్టాను. రెండు ముద్దలు తిని, పళ్ళెం వైపు చూసి, "అన్నం బానే వేగింది గానీ, ఇందులోకి కలుపుకోడానికేం లేదుటే?" అంది.

"కలుపుకోరమ్మా, ఇలాగే తింటారు."

"సర్లే. పెరుగుందా?"

పళ్ళెంలో ఉన్నది మొత్తం తింది. తర్వాత పొద్దుటి అన్నం రెండు గరిటెలు వేసుకుని, పెరుగు పోసి, మాగాయ ముక్క నంజుకుని తిని లేచింది. అప్పటినుంచి నేనూ అదే పాటిస్తున్నాను. చివర్లో పెరుగు లేకపోతే మనవాళ్ళకి భోజనం అయినట్టు ఉండదు, అది అమెరికా అయినా, అర్ధరాత్రి అయినా. ఫ్రైడ్ రైస్ కొంచెం తగ్గించి వడ్డించుకుని, ఒక కప్పు పెరుగన్నానికి చోటుంచుకుంటాను. ఉప్పు, నూనె తగ్గుతాయి, దాహం వేయదు, నిద్ర బాగా పడుతుంది.

మన ఊళ్ళ ఫాస్ట్ ఫుడ్ బండితో దీన్ని పోల్చి నిరాశపడేవాళ్ళున్నారు. బాపట్ల స్టేషన్ దగ్గర బండి మీద డబుల్ ఎగ్ ఫ్రైడ్ రైస్ తిని పెరిగాను కాబట్టి ఆ బెంగ నాకూ ఉంది. ఆ పొయ్యి హోరు మన ఇంటి స్టవ్వుకి ఎన్నటికీ రాదు. మూకుడు ఎగరేసినప్పుడు నూనె మంట అంటుకుని అన్నానికి పట్టే పొగవాసన ఏ ఫ్యాక్టరీ సంచిలోనూ లేదు. మూతకి చిల్లు పెట్టిన సీసాలోంచి కొట్టే సోయా సాస్, చివర్లో వేసే కారం, ప్లేటు అంచున పచ్చి ఉల్లిపాయ, నిమ్మచెక్క... వీటిలో మనం తెచ్చుకోగలిగినవి చివరి రెండే. అవి తప్పకుండా పెట్టుకోండి. ఫ్రోజెన్ అన్నంలో లోటుగా అనిపించేదాంట్లో సగం పులుపే. కంపెనీలు తీపి వేస్తాయి, ఉప్పు వేస్తాయి, పులుపు జోలికి రావు. నిమ్మరసం పిండగానే అదే అన్నం నిద్రలేచినట్టు అవుతుంది.

మిగిలిపోయిన దాని గురించి నా ఉద్యోగం వల్ల తెలిసిన మాట ఒకటి చెప్పి తీరాలి. అన్నంలో బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా బీజాలు ఉంటాయి. ఉడికించినా చావవు, ఫ్రీజర్లో పెట్టినా చావవు. వండిన అన్నం బయట వదిలేస్తే అవి మొలకెత్తి ఒక విషాన్ని తయారుచేస్తాయి, ఆ విషం మళ్ళీ వేడి చేసినా పోదు. తిన్న కొద్ది గంటల్లో వాంతులు పట్టుకుంటాయి. అందుకని వేయించినది రెండు గంటలకి మించి బల్ల మీద ఉండకూడదు. బయట వేడి 32 డిగ్రీలు దాటితే ఒక గంటే. పిక్నిక్‌కి డబ్బాలో కట్టుకెళ్ళేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి. ప్యాకెట్టులోంచి కావలసినంత తీసుకుని, గాలి తీసేసి, మూతి బిగించి వెంటనే ఫ్రీజర్లో పెట్టేయండి. కరిగినదాన్ని తిరిగి గడ్డకట్టించొద్దు.

డబ్బుల లెక్క చూస్తే, బయట చైనీస్ హోటల్ పార్సిల్‌కి టిప్పుతో కలిపి పదిహేను డాలర్ల దాకా అవుతుంది. ఇది గుడ్లతో సహా అందులో మూడో వంతు కూడా కాదు. ఇంట్లో ముందురోజు అన్నం, ఫ్రోజెన్ బఠాణీ, గుడ్లు ఉంటే అంతకంటే చవగ్గా, ఇంతకంటే రుచిగా చేసుకోవచ్చు. సెలవురోజుల్లో నేను అదే చేస్తాను. ఫ్రోజెన్ ప్యాకెట్టు ఉండాల్సింది షిఫ్టు డ్యూటీల వాళ్ళ ఇంట్లో, పరీక్షల టైములో పిల్లల రూముల్లో, పసిబిడ్డ తల్లుల ఇంట్లో. ఆగస్టులో చదువుకోడానికి వచ్చే పిల్లలకి నేను ఇచ్చే సలహా: మొదటి వారం కొనే సామాన్లలో ఒక ఇనప పెనం, డజను గుడ్లు, నిమ్మకాయలు, పెరుగు డబ్బా రాసుకోండి. ఆ తర్వాత ఏ ప్యాకెట్టు తెచ్చుకున్నా పస్తు పడుకోరు.